మాది కాదండీ, వస్తూంటుంది

"ఎవరిదమ్మా ఈ పిల్లి?" అనడిగాడు డాక్టరు.

"మాది కాదండీ. వస్తూంటుంది," అన్నాను.

అది 2014 సెప్టెంబరు. తేదీ గుర్తులేదు గానీ వినాయక చవితి వెళ్ళిపోయింది, మా వీధి చివర పందిరి గుంజలు ఇంకా పీకలేదు. విశాఖపట్నంలో పశువుల ఆసుపత్రి. ఫినాయిలూ పేడా కలిసిన వాసన. నా ముందు ఒకాయన కుంటుతున్న మేకని పట్టుకుని నిలబడ్డాడు. నేనేమో కూరల బుట్టలో పిల్లిని పెట్టి, దాని మీద ఇంకో బుట్ట బోర్లించి, పురికొసతో కట్టి ఆటోలో తెచ్చాను. దారంతా అరుస్తూనే ఉంది. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి "ఏటండీ, పిల్లిని కూడా ఆస్పత్రికి తీసుకెల్తారా?" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను, ఆ బుట్టకీ నాకూ సంబంధం లేనట్టు.

డాక్టరు నవ్వలేదు. "వస్తూండే పిల్లికి బుట్టెవరు కట్టారు, అడుగున తువ్వాలెవరు పరిచారు?" అని, జవాబు కోసం చూడకుండా దాని పొట్ట కింద వేళ్ళు పెట్టి మెల్లగా తడిమాడు. ఇంట్లో మీరు ఇలా నొక్కి చూడకండి, లోపల దెబ్బ తగులుతుంది అన్నాడు. గులాబీ రంగు తేలిన చనుమొనలు చూపించాడు. కట్టిన మూడు వారాలకల్లా ఆ రంగు వస్తుందట. "నెల దాటింది. పిల్లికి అరవై మూడు రోజులు, అటూ ఇటూ నాలుగు రోజులు. అక్టోబరు రెండో వారంలో చూసుకోండి," అన్నాడు. తరవాత అడిగాడు: "ఇది మొదటి కాన్పేనా?"

ఆ ప్రశ్నకి ఏం చెప్పానో నిజంగానే గుర్తులేదు. అబద్ధమే చెప్పి ఉంటాను.

దాని పేరు పైడి. పేరు పెట్టింది నేను కాదు, నెత్తిన తట్టతో మా వీధిలో నెత్తళ్ళూ కవ్వళ్ళూ అమ్ముకునే ముసలమ్మ. తెలుపూ నలుపూ, మధ్యలో పసుపు మచ్చలు. ఆ పసుపు చూసి "పైడితల్లిలాగుంది" అందావిడ. అలా మూడు రంగులున్న పిల్లులు దాదాపు అన్నీ ఆడవేనని డాక్టరు చెప్పేదాకా నాకు తెలీదు. మొదటి కాన్పుదాకా నేను దాన్ని 'మగదేమోలే' అని చూసీచూడనట్టు ఊరుకున్నాను. మేడ మీద రెండు గదుల పోర్షను నాది. ఉద్యోగం, వంట, నిద్ర. అది సాయంత్రం పిట్టగోడ ఎక్కి వచ్చేది, చేప తలకాయలు తినేది, వానొస్తే నా మంచం కింద పడుకునేది. చలికాలంలో నా కాళ్ళ దగ్గరే పడుకునేది. అయినా ఎవరైనా అడిగితే ఒకటే మాట: మాది కాదు, వస్తూంటుంది. ఈ మాటలో ఎంత సుఖముందో పెంచిన వాళ్ళకి తెలుసు. ముద్దు చెయ్యడానికి మనదవుతుంది, ఖర్చూ తిప్పలూ వచ్చేసరికి వీధిదైపోతుంది.

మొదటి కాన్పు ఏప్రిల్ చివర. మెట్ల కింద, ఇంటివాళ్ళ పాత సైకిలు వెనక. మూడు పిల్లలు. నెల తిరిగేసరికి అవి మెట్లన్నీ ఎక్కడం మొదలుపెట్టాయి, ఇంటావిడ రోజూ గొణగడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. టెక్కలి దగ్గర పల్లె మాది. "చేపల మార్కెట్టు దగ్గర ఒగ్గేయ్యే. తిండికేటి లోటు అక్కడ," అంది. పిల్లిని చంపితే కాశీకెళ్ళి బంగారు పిల్లిని దానమివ్వాలని చిన్నప్పుడు మాకు చెప్పిన మనిషే ఆవిడ. అదే అడిగాను. "మనం సంపలేదు కదే, ఒగ్గేసినాం కదా," అంది. నాకూ ఆ తేడా చాలా నచ్చింది.

ఓ ఆదివారం బిస్కెట్ల అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళాను. ఆ వారమే రాష్ట్రం రెండయింది. టీవీలో పొద్దస్తమానం అవే మాటలు, ఎవరికి ఏది వస్తుంది, ఎవరికి ఏది పోతుంది అని. ఆటోకి అరవై రూపాయలిచ్చాను. పెట్టె దించి వెనక్కి చూడకుండా వచ్చేశాను. చాలా ఏళ్ళ తరవాత జంతు హింసా నివారణ చట్టం చదివాను. 1960 నాటిది. ఆకలికీ దాహానికీ బాధపడేలా జంతువుని వదిలెయ్యడం పదకొండో సెక్షను కింద నేరమట. మొదటి తప్పుకి జరిమానా యాభై రూపాయలకి మించదు. ఆటోకి అంతకన్నా ఎక్కువే పెట్టాను నేను.

పైడి మూడు రాత్రులు సైకిలు వెనక, మెట్ల మీద, మేడ మీద తిరుగుతూ పిలిచింది. అరుపు కాదది, పిలుపు. గొంతులో ఏదో దొర్లినట్టు చిన్నగా ఉండేది. పొదుగు గడ్డ కట్టి పడుకోలేకపోయింది. నాకది తెలిసింది, ఏం చెయ్యాలో తెలీలేదు. కిటికీ మూసుకుని పడుకున్నాను. నాలుగో రోజు మళ్ళీ అన్నానికొచ్చింది. మర్చిపోయింది అనుకున్నాను. అనుకోవడం నాకు అవసరం కాబట్టి.

జూలై అంతా గండుపిల్లుల గోల. ఎదకొచ్చిన పిల్లి అరుపులకి వీధిలో నిద్రలు లేవు. అప్పుడైనా ఆపరేషన్ చేయించాలన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. 'ఒక్కసారి బోనస్ రానీ' అనుకున్నాను. పిల్లి బోనస్‌కోసం ఆగదు. సెప్టెంబరు మొదట్లో పొట్ట కనిపించింది.

ఆ పొట్ట కనిపించిన వారమే అప్ప కాన్పుకి వచ్చింది. బావది ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. మా పల్లెలో ఆసుపత్రి లేదు కాబట్టి పుట్టింటి పురుడు నా రెండు గదుల పోర్షనులోనే అని అమ్మ తేల్చేసి, పచ్చళ్ళ జాడీలతో సహా దిగింది. నాన్న వరి చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయాడు. ఒక ఇంట్లో ఇద్దరు చూలింతలు అని అమ్మ నవ్వింది గానీ కింది వాటాల ఆడవాళ్ళు నవ్వలేదు. కడుపుతో ఉన్న మనిషి దగ్గర పిల్లేమిటి, దాని బొచ్చు లోపలికి పోతే బిడ్డకి కళ్ళు పోతాయి, ముందు దాన్ని పంపేయండి. ఎవరు కలిసినా ఇదే. అట్టపెట్టె నాకు మళ్ళీ గుర్తొచ్చింది. దాచను.

అప్పే ఆపింది. "డాక్టరమ్మని అడుగుదాం" అంది. అడిగితే ఆవిడ చెప్పింది ఇది: బొచ్చు వల్ల కాదు, పిల్లి మలంలో ఒక్కోసారి ఉండే ఒక పరాన్నజీవి వల్ల భయం. అది కూడా మలం ఒక రోజు దాటి నిలవ ఉంటేనే అంటుకునే స్థితికి వస్తుంది. కాబట్టి రోజూ తీసెయ్యండి, గర్భిణి తియ్యకూడదు, ఇంకెవరైనా తియ్యాలి, చేతులు కడుక్కోవాలి. సగం ఉడికిన మాంసం నుంచీ సరిగ్గా కడగని ఆకుకూరల నుంచీ కూడా అదే వస్తుంది, మరి వాటి సంగతి చూసుకుంటున్నారా? మేం పిల్లి గురించి అడగడానికి వెళ్ళి తోటకూర ఎలా కడుగుతున్నామో అప్పజెప్పి వచ్చాం. పక్కన కడుతున్న ఇంటి దగ్గర ఇసుక అడిగి తెచ్చి పాత టబ్బులో పోశాను. రోజూ పొద్దున్నే తియ్యడం నా వంతు. ఆ తరవాతే పశువుల ఆసుపత్రికి పోయి, మాది కాదండీ అన్నాను. ఇసుక మోసి తెచ్చాక కూడా!

పశువుల డాక్టరు చెప్పినవాటిలో అమ్మ నమ్మనిది ఒకటే, పాలు పొయ్యొద్దన్నది. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ చిన్నప్పుడే విన్నవాళ్ళమైనా, మనకి పిల్లంటే పాలే. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు అరగవట, విరేచనాలు పడతాయట. ఉప్పూ కారం లేకుండా ఉడికించి ముళ్ళు తీసిన చేప, ఉడికిన గుడ్డు, ఆఖరి మూడు వారాలూ పిల్లి పిల్లల కోసం అమ్మే మేత పెట్టమన్నాడు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, ఎందుకంటే లోపల పిల్లలు పెరిగి కడుపులో చోటుండదు. మనుషుల మందులు ముట్టుకోవద్దన్నాడు. ముఖ్యంగా జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్, అది పిల్లికి విషం. నాకు ఒళ్ళు జలదరించింది. అంతకుముందు చలికాలంలో అది తుమ్ముతుంటే సగం బిళ్ళ నూరి వేద్దామనుకున్నాను. బద్ధకమేసి ఊరుకున్నాను. నా బద్ధకం మంచి చేసింది ఆ ఒక్కసారే.

అమ్మ క్యాలెండరులో రెండు గుర్తులు పెట్టింది. నవంబరులో అప్పకి పసుపుతో, అక్టోబరులో పైడికి పెన్నుతో. ఇద్దరికీ వేరువేరు గిన్నెల్లో వండేది. అప్పకి నచ్చనివి పైడికి వెళ్ళకుండా నేను కాపలా.

తుఫాను వస్తోందని రెండు రోజుల ముందునుంచే చెబుతున్నారు. పేరు హుద్‌హుద్. పిట్ట పేరట. మాకు తుఫాన్లు కొత్త కాదు, కొవ్వొత్తులు కొన్నాం, నీళ్ళు పట్టాం. శనివారం రాత్రి పైడి తిండి మానేసింది. బీరువా కింది అర తలుపు గోకింది. అమ్మ పాత నేత చీర ఒకటి తీసి మడత పెట్టి ఆ అరలో పరిచింది. అది లోపలికెళ్ళి చీరని కాళ్ళతో కెలికి, తనకి నచ్చినట్టు కుప్ప చేసుకుంది.

అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు గురించి ఊళ్ళో అందరూ రాశారు, నాకు కొత్తగా చెప్పేందుకేం లేదు. నాకు మిగిలింది వాసన. పచ్చి ఆకు నూరినట్టు వాసన. గాలి చెట్ల ఆకుల్ని చిదిమి గోడలకి మెత్తింది, తలుపు సందుల్లోంచి ఆ పసరు వాసన ఇంట్లోకి వచ్చింది. పెదాలు నాకితే ఉప్పగా ఉంది. తలుపు కింద నుంచి నీళ్ళొస్తుంటే నేను తువ్వాళ్ళు పిండుతున్నాను. ఎవరి రేకులో వీధిలో దొర్లుతున్నాయి. అప్ప గోడ వారగా, కిటికీలకి దూరంగా, ఎనిమిదో నెల పొట్ట పట్టుకుని కూర్చుంది. ఆ చప్పుడులో బీరువాలోంచి పైడి గుర్రుమంది.

మొదటి పిల్ల తేలిగ్గానే వచ్చింది. పలచని సంచిలో తడితడిగా. పైడి సంచి నాకి చించింది, బొడ్డు పేగు కొరికింది, మాయ తినేసింది. అమ్మ "నీకూ ఇంతేనే, బయపడకు" అంది అప్పతో. అప్ప ఏడవాలో నవ్వాలో తెలీక మొహం తిప్పుకుంది.

రెండోది రాలేదు. ముక్కుతోంది, రావడంలేదు. గట్టిగా ముక్కడం మొదలెట్టి అరగంటయినా పిల్ల రాకపోతే ఫోన్ చెయ్యండి అని నంబరు ఇచ్చాడు డాక్టరు. ఫోన్ తీశాను. సిగ్నల్ గీతల్లో ఒక్కటి కూడా లేదు. ఊళ్ళో టవర్లే లేవు. గడియారం చూస్తూ కూర్చున్నాను, పావుగంట, ఇరవై నిమిషాలు. తరవాత రెండు వెనక కాళ్ళు కనిపించాయి. "ఎదురుకాళ్ళు" అంది అమ్మ. లాగబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. మళ్ళీ ఒక్క ముక్కు. వచ్చింది, కదలలేదు. పైడికి ఓపిక లేదు, దాన్ని పట్టించుకోలేదు. అమ్మే మొహం మీది పొర చీల్చి, మూతి తుడిచి, తువ్వాలుతో గరగరా రుద్దింది. అది చిన్నగా దగ్గి కీచుమంది. పిల్లుల్లో అలా ఎదురుకాళ్ళతో పుట్టడం మామూలేనని తరవాత డాక్టరన్నాడు. అమ్మకి మామూలు కాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తన్నితే నడుంనొప్పి పోతుందంటారుగా మనవాళ్ళు, ఆ తరవాత చాలా రోజులు కిందింటావిడ నడుం పట్టేసినప్పుడల్లా "మీ ఎదురుకాళ్ళోడిని పంపండి" అని కేకేసేది. పిల్లిని పంపేయమన్న మనిషే ఆవిడ!

మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. జనం రోడ్ల మీదికి వచ్చారు, అయిపోయిందనుకుని. అది తుఫాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కునించి మళ్ళీ మొదలైంది, ఇంకా గట్టిగా. మూడో పిల్ల ఆ ఆగినప్పుడు పుట్టిందని అమ్మ అంటుంది. కాదు, నాలుగోదని అప్ప అంటుంది. నాకు గుర్తున్నది ఆ నిశ్శబ్దంలో నాలుగు మూతులు పాలు చప్పరిస్తున్న చప్పుడు. కాబట్టి అప్పటికే నాలుగూ పుట్టేసి ఉండాలి. ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం, మూడు లెక్కలు.

కరెంటు తొమ్మిది రోజులు లేదని నేనంటాను, ఆరంటుంది అప్ప. చెట్లన్నీ మోడులయ్యాయి, రెండు రోజులకి కొండలు కాలినట్టు గోధుమ రంగుకి తిరిగాయి. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో వరస. పాల ప్యాకెట్టుకి అడిగినంత. హార్బరులో పడవలు పగిలాయి, చేపల ముసలమ్మ వారాల పాటు రాలేదు. పాలిచ్చే పిల్లి మామూలు కంటే రెండు మూడింతలు తింటుంది. ఇంట్లో ఉన్న ఎండుచేపల్ని రాత్రంతా నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడిగి, ఉడకబెట్టి పెట్టాం. అంత నీళ్ళ కరువులో ఎండుచేపలు కడగడానికి రెండు చెంబులు!

నాలుగోది చిన్నది. మిగతావి దాన్ని పక్కకి నెట్టేసేవి. అయిదో రోజు అది చల్లగా ఉంది. నేను కంగారుగా ఆవుపాలు కాచి, ఇంకు ఫిల్లరుతో, చంటిబిడ్డని ఒళ్ళో వెల్లకిలా వేసుకున్నట్టు వేసుకుని పట్టాను. పాలు ముక్కులోంచి వచ్చాయి. సాయంత్రానికి పోయింది. ఊళ్ళో దార్లు తెరుచుకున్నాక డాక్టరుకి చెబితే తిట్టలేదు, అదే కష్టమనిపించింది. చల్లబడ్డ పిల్లని ముందు వెచ్చబెట్టాలట, ఆ తరవాతే పాలట. బోర్లా పడుకోబెట్టి పట్టాలట, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయట. గ్యాసుంది, వేడినీళ్ళ సీసా పెట్టగలిగేదాన్నే. దానంతటది బతికేదో లేదో. నా చేతిలో మాత్రం పోయింది. మామిడి మోడు కింద పాతిపెట్టాను.

దీపావళి 23న. పడిపోయిన ఎండు కొమ్మల గుట్టలకి నిప్పంటుకుంటుందని టపాసులు కాల్చొద్దన్నారు. విశాఖలో అంత నిశ్శబ్దమైన దీపావళిని నేను మళ్ళీ చూడలేదు. ఆ సాయంత్రమే అనుకుంటా, ఎదురుకాళ్ళోడి కళ్ళు సగం విడ్డాయి. నీలంగా, ఏమీ చూడనట్టు. చప్పుళ్ళు లేవు కాబట్టి పైడి బీరువాలోనే ప్రశాంతంగా పడుకుంది. మూడు రోజులకి మాత్రం పిల్లలు మాయం. మెడ పట్టుకుని ఒక్కోదాన్నే తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది, అక్కణ్ణించి మంచం కిందికి, అక్కణ్ణించి అప్ప పెట్టెలోకి. ఏడిళ్ళూ తిప్పాలి గదా, దానికి రెండు గదులే ఉన్నాయి పాపం.

బాలింత పిల్లి పాలిస్తూ కూడా మళ్ళీ కట్టగలదని డాక్టరు హెచ్చరించాడు. అందుకని తలుపులు మూసే ఉంచాం. పిట్టగోడ మీద గండుపిల్లి రాత్రుళ్ళు కచేరీ. లోపల పైడి నన్ను తిట్టని తిట్టు లేదు. నవంబరులో అప్పకి ఆడపిల్ల పుట్టింది. అమ్మ సాంబ్రాణి ధూపం వేస్తే పైడి తుమ్ముకుంటూ బాత్రూంలో దూరేది. ఉయ్యాల ఉన్న గదిలో పిల్లుల్ని ఒంటరిగా వదలకూడదని ఒక్కటే నియమం పెట్టుకున్నాం.

పిల్లలకి ఎనిమిది వారాలు నిండాక ఒకదాన్ని మా ఆఫీసు ఆవిడ తీసుకుంది. ఇంకొకటి పక్కవీధికి వెళ్ళి నెల తిరక్కుండా వెనక్కొచ్చింది, సోఫా గీరిందని. 'ముందు తెలీదా పిల్లికి గోళ్ళుంటాయని' అని నోటిదాకా వచ్చింది. అనలేదు. అనే అర్హత నాకెక్కడిది? రెండోసారి ఇచ్చేటప్పుడు మాత్రం సిగ్గుపడకుండా అన్నీ అడిగాను: అద్దిల్లా, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా, ఊరెళితే ఎవరు చూస్తారు, టీకాలు వేయిస్తారా, ఆపరేషన్‌కి డబ్బు పెడతారా. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని అడగరమ్మా అన్నాడు తీసుకోడానికొచ్చినాయన. తీసుకెళ్ళాడు. ఎదురుకాళ్ళోడు మాతోనే ఉండిపోయాడు.

డిసెంబరులో పైడికి ఆపరేషన్. రిజిస్టరు రాసే అతను తలెత్తకుండా "ఓనరు పేరు?" అన్నాడు. నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. ఆపరేషన్ చేసిన డాక్టరు ఏమీ అనలేదు. కుట్లు నాకకుండా మెడకి కట్టిన అట్ట గరాటాతో అది వారం రోజులు గోడలకి గుద్దుకుంటూ తిరిగింది.

పైడి 2022 దాకా బతికింది. అప్ప కూతురిప్పుడు ఆరో తరగతి. తను కడుపులో ఉండగా జరిగిన తుఫాను కాన్పు కథంటే దానికి ఇష్టం, సెలవులకి వచ్చినప్పుడల్లా చెప్పించుకుంటుంది. ఈ మధ్య వచ్చినప్పుడు, "మరి అంతకుముందు పైడి పిల్లలు పెట్టలేదా పిన్నీ?" అనడిగింది. అప్ప నా వంక చూసింది. పెట్టింది, ఎవరో తీసుకెళ్ళారు అని చెప్పాను.

వదిలేసిన మూడో రోజు నేను మార్కెట్టుకి మళ్ళీ వెళ్ళాను. ఇది ఎవరికీ చెప్పలేదు. పసుపుది ఒక్కటే కనిపించింది, చేపలు కోసే దిమ్మ కింద, ఒళ్ళంతా పొలుసులతో. పిలిస్తే రాలేదు. మిగతా రెండూ కనబడలేదు. ఆ మార్కెట్టుకి నేను చేపలకి వెళ్ళను. నెత్తళ్ళు ఇంటి ముందుకొస్తేనే కొంటాను.